స్టార్ ట్రెక్ కాలపట్టిక: ఖాన్‌ని 1992లోనే ఉంచాలా, ముందుకు జరపాలా?

పటమట_పైలట్
ఈ సెప్టెంబర్ 8కి అమెరికన్ సైన్స్ ఫిక్షన్ టీవీ సిరీస్ స్టార్ ట్రెక్ మొదటి ఎపిసోడ్ ప్రసారమై అరవై ఏళ్లు నిండుతాయి. ఆ రోజు విజయవాడ, గుంటూరు వాళ్లం కొందరం మా ఇంట్లో కలుస్తున్నాం. హాల్లో గోడకి ఒక పెద్ద కాలపట్టిక కడదామని ఫ్లెక్సీ డిజైన్ చేస్తున్నాను. 2063లో కాక్రేన్ వార్ప్ ప్రయాణం (కాంతి కన్నా వేగంగా), 2161లో గ్రహాల ఫెడరేషన్ ఏర్పాటు, 2387లో రోములస్ గ్రహం నాశనం, ఇవన్నీ వాటి చోట్లలో కూర్చున్నాయి. ఒక్క ఖాన్ దగ్గరే ఆగిపోయాను.

1967లో వచ్చిన స్పేస్ సీడ్ ఎపిసోడ్‌లో లెక్క స్పష్టంగా ఉంది. ఖాన్ నూనియన్ సింగ్ 1992 నుంచి 1996 దాకా ఆసియా నుంచి మధ్యప్రాచ్యం వరకు, భూమిలో పావు వంతుకు పైగా ఏలాడు. యూజెనిక్స్ యుద్ధాల్లో (ఖాన్ లాంటి జన్యువులు మార్చిన మనుషులతో జరిగినవి) ఓడిపోయాక బాటనీ బే అనే ఓడ ఎక్కి అంతరిక్షంలోకి పారిపోయాడు. 1996లో వచ్చిన వాయేజర్ సిరీస్ ఎపిసోడ్‌లో (ఫ్యూచర్స్ ఎండ్) ఆ ఓడవాళ్లు సరిగ్గా 1996 లాస్ ఏంజెలస్‌లో దిగుతారు. యుద్ధం ఆనవాలే ఉండదు. 2023లో కొత్త సిరీస్ స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్ వచ్చి ఖాన్‌ని మన కాలపు టొరంటోలో చిన్న పిల్లాడిగా చూపించింది.

రెండు చోట్లా వేస్తే చూసేవాళ్లు తికమక పడతారు. ఒక చోటే వేస్తే ఏదో ఒక ఎపిసోడ్‌ని చెరిపేసినట్టు అవుతుంది. ప్రింటుకి ఇచ్చాక మార్చలేను. ఏం చేయమంటారు?

వార్ప్_తొమ్మిది
కొత్తది ఏం చెబితే అదే అన్నా. ఫ్రాంచైజీ వాళ్లే మార్చారు కదా, మనకెందుకు టెన్షన్. 1992 తీసెయ్.

కృష్ణలంక_క్లింగాన్
తీసెయ్ అంటే ఎలా తమ్ముడూ? ఖాన్ ఉన్నదే ఆ ఎపిసోడ్ వల్ల. ముందు చెప్పినదే ప్రమాణం. తర్వాత వచ్చినవాళ్లు దానికి సర్దుకోవాలి, ముందు వచ్చింది వీళ్లకి సర్దుకోదు.

మిర్చియార్డు_మెకాయ్
ముందు చెప్పినదే ప్రమాణం అంటే పని జరగదు. ఆ మొదటి సిరీస్ తన లెక్కలు తనే పాటించలేదు. స్పేస్ సీడ్‌లో కెప్టెన్ కిర్క్ ఖాన్‌తో రెండు శతాబ్దాలు నిద్రపోయావు అంటాడు. అంటే కథ 2190ల్లో ఉండాలి. అదే సీజన్లో ద స్క్వైర్ ఆఫ్ గోథోస్‌లో ట్రిలేన్ 900 కాంతి సంవత్సరాల దూరం నుంచి భూమిని చూసి నెపోలియన్ కాలం అనుకుంటాడు. నెపోలియన్ కాలానికి 900 కలపండి, 2700 దాటిపోతుంది. ఒకే సీజన్లో 500 ఏళ్ల తేడా!

కృష్ణలంక_క్లింగాన్
అది కాంతి లెక్క. ఖాన్‌ది నోటితో చెప్పిన సంవత్సరం. రెండూ ఒకటి కావు.

మిర్చియార్డు_మెకాయ్
సరే, నోటితో చెప్పినదే తీసుకుందాం. స్పేస్ సీడ్‌లో యూజెనిక్స్ యుద్ధాలే ఆఖరి ప్రపంచ యుద్ధం అన్నట్టు మాట్లాడతారు. మరుసటి సీజన్లో బ్రెడ్ అండ్ సర్కసెస్‌లో కిర్క్ ఓడలోని స్పాక్ మూడో ప్రపంచ యుద్ధంలో 3 కోట్ల 70 లక్షల మంది పోయారు అంటాడు. 1996 సినిమా ఫస్ట్ కాంటాక్ట్‌లో రైకర్ 60 కోట్లు అంటాడు, ఆ యుద్ధం అయిపోయి దాదాపు పదేళ్లయింది అని డేటా అనే ఆండ్రాయిడ్ అంటాడు. సినిమా జరిగేది 2063లో, కాబట్టి యుద్ధం ముగిసింది 2053లో. ఇవన్నీ నోటితో చెప్పినవే. దేన్ని పట్టుకుంటారు?

తెనాలి_ట్రిబుల్
ఫ్లెక్సీలో 60 కోట్ల పక్కన 'వివరాల కోసం స్పాక్‌ని అడగండి' అని వేసెయ్యండి 😄

బ్రాడీపేట_వాణి
కొత్తవాళ్లకి ఒక మాట చెప్పాలి. 1992 తీసెయ్ అన్న తమ్ముడు ఆ తర్వాత పుట్టి ఉంటాడు. మేము ఎనభైల్లో దూరదర్శన్‌లో చూశాం. నేను స్పేస్ సీడ్ చూసినప్పుడు 1992 ఇంకా రాలేదు. ఎప్పుడో మూడు వందల ఏళ్ల తర్వాతి కథ అనుకుంటూ చూస్తుంటే, నా డిగ్రీ అయిన కొన్నాళ్లకే జరగబోయే సంగతి అన్నారు. పైగా ఆ మనిషి ఉత్తర భారతం వాడు కావచ్చు, సిక్కు కావచ్చు అని ఓడలోని చరిత్రకారిణి మెక్‌గివర్స్ చెప్పింది. ఏలేది ఆసియాని. అమెరికాలో 1967లో చూసినవాళ్లకి అది ఎక్కడో దూరం భవిష్యత్తు. బ్రాడీపేటలో కూర్చుని చూసిన నాకు మా ఊరు కూడా ఆ పావు వంతులోనే ఉంది! రాత్రి నాన్నగారిని అడిగాను, అలాంటివాడు నిజంగా వస్తే మనం ఎవరి వైపు ఉండాలి అని.

ఆ సంవత్సరాన్ని పట్టికలోంచి తీసేస్తే ఆ ఎపిసోడ్ ఎందుకు అంత గట్టిగా తగిలిందో కొత్తవాళ్లకి ఎప్పటికీ తెలియదు. నా ఓటు 1992 ఉండాలనే.

వార్ప్_తొమ్మిది
అవును మేడమ్, నేను తర్వాతే పుట్టాను. నాకు స్పేస్ సీడ్ చూసేసరికి 1992 గతం. 'ఈ యుద్ధం జరగలేదు కదా' అని మొదటి నిమిషంలోనే అనిపించింది, ఆ తర్వాత కథలో కూర్చోలేకపోయాను. మీకు భయం వేసిన చోటే నాకు నమ్మకం పోయింది. కొత్త సిరీస్ దాన్ని ముందుకు జరిపింది నాలాంటి వాళ్ల కోసమే. అది తప్పంటే ఎలా?

బ్రాడీపేట_వాణి
తప్పు అనలేదు నాన్నా. జరపడం వేరు, చెరపడం వేరు.

గుంటూరు_శాసనం
నేను చాలా ఏళ్లు చరిత్ర పాఠం చెప్పాను, శాసనాలు చదవడం అలవాటు. మీరు పడుతున్న ఇబ్బంది మాకు రోజూ ఉండేదే, కాబట్టి మేం ఎలా తేలుస్తామో చెబుతాను.

ఒక శాసనంలో శక సంవత్సరం ఉంటుంది, ప్రభవ విభవ లాంటి పేరు ఉంటుంది, మాసం, తిథి, వారం ఉంటాయి, ఒక్కోసారి గ్రహణం కూడా ఉంటుంది. అన్నీ కలిస్తే సమస్య లేదు. కలవనప్పుడు అన్నిటికీ ఒకే బరువు ఇవ్వం. శక సంవత్సరం అంకె ముందు. పేరు ఒక్కటే ఉంటే అది అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తుంది, కాబట్టి దాన్నిబట్టి శతాబ్దం తేలదు. వారం, గ్రహణం సరిచూసుకోవడానికి పనికొస్తాయి. ఇక ఊళ్లో పెద్దలు చెప్పగా రాసిన కైఫీయతులు ఉన్నాయి, బ్రిటిష్ సర్వే అధికారి మెకంజీ దొర మనుషులు మన గుంటూరు జిల్లాలో బోలెడు రాయించుకున్నారు. 'మా తాతల నాడు, రెండు వందల ఏళ్ల కిందట' అనే మాటలు అందులో ఎక్కువ. విలువైనవే, కానీ అంకె కోసం వాటి దగ్గరికి వెళ్లకూడదు.

ఇక్కడ కూడా అలాగే చూడండి. కథలో పాత్ర నేరుగా చెప్పిన క్రీస్తు శకం సంవత్సరం మొదటి బరువు. 'ఇన్నేళ్ల కిందట' అన్నది రెండోది. స్టార్‌డేట్ (ఓడ లాగ్‌లో చెప్పే అంకెల తేదీ) మూడోది. కిర్క్ 'రెండు శతాబ్దాలు' అనడం కైఫీయతు లాంటిది. ట్రిలేన్ కాంతి లెక్క దానికన్నా కింద.

మొత్తం పట్టికకి ఆధారం అయ్యే రాయి ఒకటి ఉంది. నెక్స్ట్ జనరేషన్ సిరీస్ మొదటి సీజన్ చివరి ఎపిసోడ్ ద న్యూట్రల్ జోన్ (1988)లో, ఇరవయ్యో శతాబ్దం నుంచి మేల్కొన్నవాళ్లకి డేటా ఇది 2364 అని చెబుతాడు. అంతవరకు ఎవరూ ఏ సిరీస్ ఏ సంవత్సరంలో జరుగుతుందో తెరమీద ఇంత నేరుగా చెప్పలేదు. పైలట్ గారు అక్కడి నుంచి వెనక్కి, ముందుకి కట్టుకుంటూ పోవాలి.

పటమట_పైలట్
మాష్టారూ, ఇది చాలా పనికొచ్చింది. వెనక్కి వెళ్లడానికి ఇంకో రాయి కూడా ఉంది. వాయేజర్ క్యూ2 ఎపిసోడ్‌లో (2001) ఇచెబ్ అనే కుర్రాడు తన పాఠం అప్పజెబుతూ కిర్క్ ఐదేళ్ల యాత్ర 2270లో ముగిసింది అంటాడు. అంటే 2265లో మొదలు. డీప్ స్పేస్ నైన్ సిరీస్‌లో ట్రయల్స్ అండ్ ట్రిబుల్-ఏషన్స్ (1996) చూడండి, కెప్టెన్ సిస్కో 105 ఏళ్ల వెనక్కి, పాత ట్రిబుల్స్ ఎపిసోడ్‌లోకి వెళ్తాడు. ఆ సీజన్ 2373, వెనక్కి లెక్కేస్తే 2268. ట్రిబుల్స్ ఎపిసోడ్ మొదటి సిరీస్ రెండో సీజన్‌లోది. చక్కగా పడింది.

తెనాలి_ట్రిబుల్
నా పేరు వచ్చిన ఎపిసోడ్ మాత్రమే సరిపోయిందన్నమాట. గర్వంగా ఉంది.

కృష్ణలంక_క్లింగాన్
శాసనం చెక్కించినవాడు నిజంగా ఆ రోజు ఉన్నవాడు మాష్టారూ. ఇక్కడ రాసినవాడు గడువు లోపల స్క్రిప్టు ఇచ్చినవాడు. రెండిటినీ ఒకే కొలతతో కొలుస్తున్నారు.

గుంటూరు_శాసనం
చెక్కించినవాడు కూడా ఊరికే చెక్కించడు. తన వంశం సూర్యుడి దగ్గర మొదలైందని రాయిస్తాడు, గెలవని యుద్ధాలు గెలిచానని రాయిస్తాడు. మేం వంశావళి పొగడ్తని ఒక పక్కన పెట్టి, దానం ఇచ్చిన తేదీని తీసుకుంటాం. ఎందుకంటే తేదీ విషయంలో అబద్ధం ఆడితే ఆయనకు ఒరిగేది లేదు. రచయిత ఒక సంవత్సరాన్ని పాత్ర నోట్లో పెట్టాడంటే, అది కథకి కావాలని పెట్టాడు. అందుకే దానికి బరువు.

ఏలూర్‌రోడ్డు_ఎంటర్‌ప్రైజ్
స్టార్‌డేట్‌ని మూడో స్థానంలో పెట్టడం నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు కానీ, చూడగా చూడగా అదే సరి. మొదటి సిరీస్‌లో ఆ అంకెలు ప్రసారమైన వరసలో నడవవు. నెక్స్ట్ జనరేషన్‌లో పద్ధతి పెట్టారు: ఐదంకెలు, రెండో అంకె సీజన్, సీజన్‌కి వెయ్యి. 41153.7తో మొదలైంది. ఇంత పద్ధతి పెట్టాక కూడా ఓడ సెక్యూరిటీ అధికారి టాషా యార్ సంగతి చూడండి. స్కిన్ ఆఫ్ ఈవిల్‌లో ఆమె చనిపోయేది 41601.3న. ద ఆర్సెనల్ ఆఫ్ ఫ్రీడమ్ 41798.2న జరుగుతుంది, అందులో టాషా బతికే ఉంది, ఓడలో పని చేస్తోంది. అదేమో స్కిన్ ఆఫ్ ఈవిల్ కన్నా ముందే ప్రసారమైంది! అంకెని నమ్మితే చనిపోయిన మనిషి డ్యూటీకి వచ్చినట్టు.

ఇలాంటి చోట ప్రసార వరసనే తీసుకోవాలి. మాష్టారి పద్ధతికి ఇది కలపండి: ఒకే సీజన్లో స్టార్‌డేట్‌కీ కథకీ పడకపోతే కథ గెలుస్తుంది.

వార్ప్_తొమ్మిది
అరవై ఏళ్ల పేర్ల సంగతి నాకు కొత్త. మా తాత 'పరాభవలో పుట్టాను' అంటారు, ఎప్పుడో అర్థమయ్యేది కాదు.

గుంటూరు_శాసనం
తాతగారు 1966 ఉగాదికీ 1967 ఉగాదికీ మధ్య పుట్టి ఉండాలి బాబూ, లేదా దానికి అరవై ఏళ్లు ముందు! మొదటి స్టార్ ట్రెక్ ఎపిసోడ్ కూడా ఆ పరాభవలోనే వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నదీ పరాభవే. నెక్స్ట్ జనరేషన్ 1987 సెప్టెంబర్‌లో మొదలైంది, అది ప్రభవ, వరసలో మొదటి సంవత్సరం.

తెనాలి_ట్రిబుల్
అయితే నెక్స్ట్ జనరేషన్‌కి ముహూర్తం ఎవరో పెట్టించారు.

మిర్చియార్డు_మెకాయ్
'ఇన్నేళ్ల కిందట' లెక్కలు రెండో బరువు అన్నారు కదా మాష్టారూ, రాత్ ఆఫ్ ఖాన్ సినిమా (1982) పెట్టి చూద్దాం. కిర్క్ అంటాడు, ఆ మనిషిని చూసి పదిహేనేళ్లయింది అని. స్పేస్ సీడ్ 2267లో పడింది కాబట్టి సినిమా 2282 కావాలి. కానీ డాక్టర్ మెకాయ్ కిర్క్ పుట్టినరోజుకి తెచ్చే రోములన్ ఏల్ (బీరు లాంటిది) సీసా మీద 2283 అని ఉంటుంది. కిర్క్ పైకి చదువుతాడు కూడా. ఇది పులవడానికి టైమ్ పడుతుంది అంటాడు మెకాయ్. అంటే సినిమా 2283కి తర్వాతే. పట్టికలు వేసినవాళ్లు 2285 అని పెట్టారు. అప్పుడు పదిహేను కాదు, పద్దెనిమిది.

కృష్ణలంక_క్లింగాన్
అది రోములన్ల సీసా. వాళ్ల క్యాలెండర్ కావచ్చు. భూమి సంవత్సరం అని ఎవరన్నారు?

మిర్చియార్డు_మెకాయ్
వాళ్ల క్యాలెండర్ అయితే కిర్క్ అంకె చదవగానే మెకాయ్ ఆ జవాబు ఎందుకు చెబుతాడు? కొత్తది అని కిర్క్‌కి అనిపించింది కాబట్టే. మన సంవత్సరమే అది.

గుంటూరు_శాసనం
నేనూ అంతే అనుకుంటాను. పద్దెనిమిదేళ్లని మనిషి కోపంలోనో అలసటలోనో పదిహేను అనడం సహజం. శాసనాల్లో కూడా గడిచిన సంవత్సరం లెక్కా, నడుస్తున్న సంవత్సరం లెక్కా అన్నదాన్నిబట్టి ఒక ఏడు తేడా వస్తుంది. మూడేళ్లకి ఎవరూ కొట్టుకోనక్కర్లేదు. 2285 ఉంచండి.

ఏలూర్‌రోడ్డు_ఎంటర్‌ప్రైజ్
ఏళ్లలో తేడా వస్తే సర్దుకోవచ్చు. మనిషి జ్ఞాపకంలో తేడా వస్తే ఏం చేస్తారు? రెలిక్స్‌లో (1992) కిర్క్ ఓడ ఇంజనీరు స్కాటీ 75 ఏళ్లు ట్రాన్స్‌పోర్టర్‌లో (మనుషుల్ని క్షణంలో ఇంకో చోటికి పంపే యంత్రం) ఉండి బయటికి వస్తాడు. కాపాడినవాళ్లు ఎంటర్‌ప్రైజ్ ఓడ నుంచి వచ్చాం అనగానే, కిర్క్ స్వయంగా ఓడ తీసుకుని నన్ను వెతకడానికి వచ్చి ఉంటాడు అంటాడు సంతోషంగా. రెండేళ్లకే జెనరేషన్స్ సినిమా వచ్చింది. అందులో 2293లో కిర్క్ ఓడలోంచి మాయమైనప్పుడు స్కాటీ అక్కడే ఉన్నాడు! స్కాటీ ట్రాన్స్‌పోర్టర్‌లోకి వెళ్లింది 2294లో. కిర్క్ పోయాడని తెలిసినవాడు కిర్క్ వస్తాడని ఎలా అంటాడు?

ఇది ఏ పట్టికా తేల్చలేదు, ఎందుకంటే తేదీలు రెండూ సరిగ్గానే ఉన్నాయి. డెబ్భై అయిదేళ్ల తర్వాత కళ్లు తెరిచిన ముసలాయన మాట అది, ఒక్క క్షణం మర్చిపోయాడు అని నేను అనుకుంటాను. ఆ సీన్ చూసిన ప్రతిసారీ నాకు బాధగానే ఉంటుంది.

బ్రాడీపేట_వాణి
మా అత్తగారు చివరి రోజుల్లో మామయ్యగారికి కూడా కంచం పెట్టమనేవారు. స్కాటీ మాట నాకు తప్పులా అనిపించదు.

పటమట_పైలట్
మళ్లీ ఖాన్ దగ్గరికి వద్దాం, ప్రింటుకి ఇవ్వాలి. డీప్ స్పేస్ నైన్ సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు. డాక్టర్ బషీర్, ఐ ప్రిజ్యూమ్‌లో (1997) అడ్మిరల్ రెండు వందల ఏళ్ల కిందట యూజెనిక్స్ యుద్ధాలు అంటాడు. అది 2373. వెనక్కి పోతే 2173! ఇది వింటే మూడో తేదీ వేయాలా అనిపిస్తుంది.

మిర్చియార్డు_మెకాయ్
దాన్ని వేయకండి. ఆ ఎపిసోడ్ రాసిన రోనల్డ్ డి. మూర్ తర్వాత చెప్పారు, రాత్ ఆఫ్ ఖాన్‌లోని రెండు వందల ఏళ్లు మనసులో ఉండి, ఈ సిరీస్ దానికి వందేళ్ల తర్వాత అన్న సంగతి కలపడం మర్చిపోయానని. రాసినవాడే ఒప్పుకున్నాక దానికి చోటు ఇవ్వక్కర్లేదు.

గుంటూరు_శాసనం
చెక్కేవాడి చేతి పొరపాటు అంటాం దాన్ని. సరిచేసి చదువుతాం.

వార్ప్_తొమ్మిది
అన్నా, మాష్టారి పద్ధతి ప్రకారమే నా వాదన చెబుతాను. పాత్ర నేరుగా చెప్పిన సంవత్సరానికి మొదటి బరువు కదా. స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్ రెండో సీజన్ మూడో ఎపిసోడ్‌లో రోములన్ గూఢచారి సెరా నోటితోనే చెబుతుంది, ఇదంతా 1992లో జరగాల్సింది, నేను ముప్పై ఏళ్లుగా ఇక్కడ ఇరుక్కుపోయాను అని. కాలంలో వెనక్కి వచ్చి ఎంతోమంది వేలు పెట్టడం వల్ల సంఘటనలు ఆలస్యమయ్యాయి, అయినా జరిగి తీరతాయి అన్నది ఆమె మాట. 1992 తప్పు అనడం లేదు. 1992 ఒకప్పుడు నిజం, తర్వాత అది ముందుకు జరిగిపోయింది అంటోంది. కథలోపలే కారణం ఇచ్చారు. నేను ముందు తీసెయ్ అన్నది వదిలేస్తున్నా. ఉంచండి, కానీ బాణం గీసి కొత్త చోటు కూడా చూపించండి.

బ్రాడీపేట_వాణి
ఇది నాకు నచ్చింది. నేను చూసిన 1992 అలాగే ఉంటుంది, నువ్వు చూసిన టొరంటో కూడా ఉంటుంది.

కృష్ణలంక_క్లింగాన్
నాకు నచ్చలేదు. కాలయాత్రని సాకుగా పెట్టుకుంటే ఇక ఏ రచయితా పాత ఎపిసోడ్ చూడక్కర్లేదు. ఏది పడకపోయినా 'ఎవరో వేలు పెట్టారు' అనేస్తారు. క్లింగాన్ జాతివాళ్ల నుదుటి సంగతి చూడండి. 1979 సినిమా నుంచి గట్లు వచ్చాయి, మొదటి సిరీస్‌లో లేవు. దానికి వాళ్లు కాలయాత్ర పెట్టలేదు. ఎంటర్‌ప్రైజ్ సిరీస్ 2005లో రెండు ఎపిసోడ్లు పూర్తిగా కేటాయించి, ఖాన్ రకం మనుషుల జన్యువుల మీద క్లింగాన్లు చేసిన ప్రయోగం వికటించి వైరస్ పుట్టింది అని కథ కట్టారు. 2154లో జరిగింది అది. ఎక్కడా ఏ పాత ఎపిసోడూ అబద్ధం కాలేదు. పని అంటే అలా చేయాలి. జరిపేయడం తేలిక.

వార్ప్_తొమ్మిది
క్లింగాన్ నుదురు కథలోపలి సంగతి అన్నా, బయట ప్రపంచంతో పోటీ లేదు. 1992 బయట ప్రపంచంలో నిజంగా గడిచిన సంవత్సరం, మీరు బతికిన సంవత్సరం. దానికి వైరస్ కథ ఎలా కడతారు?

కృష్ణలంక_క్లింగాన్
కట్టక్కర్లేదు. వాళ్ల 1992 మన 1992 కాదు అని ఒప్పుకుంటే చాలు. మన లోకంలో వల్కన్లు (స్పాక్ జాతివాళ్లు) కూడా లేరు కదా. ఫ్లెక్సీలో బాణం గీసినా నేను కింద కూర్చుని 1992 వైపే చూస్తాను.

ఏలూర్‌రోడ్డు_ఎంటర్‌ప్రైజ్
పిజ్జా ఎక్కడ పెడితే అటు చూస్తారు.

పటమట_పైలట్
ఇలా వేస్తున్నాను. నల్ల అక్షరాల్లో నోటితో చెప్పిన సంవత్సరాలు: 2063, 2161, 2270, 2364. నీలం అక్షరాల్లో లెక్కగట్టినవి: 2053, 2268, 2285. స్టార్‌డేట్లు చిన్న అక్షరాల్లో కింద. ఖాన్ 1992–96 దగ్గర నల్లగా ఉంటాడు, అక్కడి నుంచి చుక్కల గీత ఇరవై ఒకటో శతాబ్దం వైపు, దాని మీద సెరా పేరు. కెల్విన్ సినిమాలు (2009 నుంచి కొత్త నటులతో వచ్చినవి) 2233 దగ్గర విడిపోయే వేరే కొమ్మ. దాని మొదలు 2387 నుంచి వెనక్కి వచ్చిన నీరో అనే రోములన్ కాబట్టి అక్కడి నుంచి ఒక గీత వెనక్కి వస్తుంది.

డిస్కవరీ సిరీస్ మూడో సీజన్‌తో 3180ల్లోకి దూకింది. ఆ దూరం కొలత ప్రకారం గీస్తే గోడ చాలదు. మధ్యలో గీత తెగ్గొట్టి చూపిస్తాను.

మిర్చియార్డు_మెకాయ్
నెక్స్ట్ జనరేషన్ మొదటి ఎపిసోడ్ ఫార్‌పాయింట్‌లో ముసలి మెకాయ్‌కి 137 ఏళ్లు అని డేటా చెబుతాడు. 2364 నుంచి తీసేస్తే 2227లో పుట్టాడు. నా పేరు పెట్టుకున్నందుకు అది నీలం అక్షరాల్లో వేయండి.

తెనాలి_ట్రిబుల్
యానిమేషన్ సిరీస్ ఎక్కడ? దాన్ని లెక్కలోకి తీసుకోరా?

పటమట_పైలట్
చాలామంది తీసుకోరు కాబట్టి నేనూ వదిలేద్దామనుకున్నాను.

గుంటూరు_శాసనం
వదలకండి. యాత్ర ఐదేళ్లు, 2265 నుంచి 2270. మొదటి సిరీస్ నడిచింది మూడు సీజన్లే, 1966 నుంచి 1969 దాకా, 79 ఎపిసోడ్లు. ఆ తర్వాత 1973–74లో వచ్చిన యానిమేషన్ 22 ఎపిసోడ్లు. అదే ఓడ, అదే కెప్టెన్, గొంతులు కూడా చాలావరకు వాళ్లవే. 2269 నుంచి 2270 మధ్య ఖాళీ ఉంది మీ పట్టికలో, ఇంకేమీ అక్కడ కూర్చోదు. ఇచెబ్ చెప్పిన 2270 దాకా తీసుకెళ్లేది ఇవే.

పటమట_పైలట్
నిజమే మాష్టారూ, అక్కడ ఖాళీ ఉంది. నీలంలో వేస్తాను. ఫైల్ రేపు సాయంత్రం ఇక్కడే పెడతాను, ప్రింటుకి ముందు ఒక్కసారి అందరూ అంకెలు చూడండి. ముఖ్యంగా కృష్ణలంక అన్న.

కృష్ణలంక_క్లింగాన్
చూస్తాను. 1992 అక్షరాల సైజు తగ్గిస్తే మాత్రం ఊరుకోను.